ఇంట్లో మనిషి పోయాక కౌన్సెలింగ్ సాయం ఎలా తీసుకోవాలి?

మన ఇళ్ళల్లో చావు జరిగితే మొదటి పది పదిహేను రోజులు మనిషిని ఒంటరిగా వదలరు. పక్కింటివాళ్ళు అన్నం వండి పంపిస్తారు. పలకరించడానికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, ఏడ్చేవాళ్ళతో కలిసి ఏడుస్తారు. దినకర్మలు అయ్యేదాకా ప్రతిరోజూ చేయాల్సిన పని ఏదో ఒకటి ఉంటుంది. ముస్లింల ఇళ్ళల్లో నలభయ్యో రోజు చేసే చెహల్లుం దాకా, క్రైస్తవుల ఇళ్ళల్లో ఆదరణ కూడిక దాకా ఇదే తీరు. ఆ తర్వాత ఇల్లు ఖాళీ అవుతుంది. చాలామందికి అసలు దుఃఖం అప్పుడే మొదలవుతుంది. సరిగ్గా అప్పటికే చుట్టూ ఉన్నవాళ్ళు "ఇంకెన్నాళ్ళమ్మా అలా, కాస్త గుండె రాయి చేసుకో" అనడం మొదలుపెడతారు.

ఆ సమయంలో ఉన్నవాళ్ళ కోసం, వాళ్ళ పక్కన ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అమ్మ ముందు ఏడిస్తే ఆమె ఇంకా కుంగిపోతుందని కొడుకు ఏడవడు. తను ఏడిస్తే వాడు బెంగపెట్టుకుంటాడని అమ్మ ఏడవదు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ నెలల తరబడి ఒకరి కోసం ఒకరు ధైర్యంగా ఉన్నట్టు నటిస్తారు. ఇంట్లో చెప్పుకోలేని మాటలు చెప్పుకోవడానికి బయట ఒక మనిషి, ఒక గంట సమయం దొరకడమే కౌన్సెలింగ్. అందుకోసం మీ దుఃఖం ఎవరి దుఃఖం కన్నా పెద్దదని నిరూపించుకోనక్కర్లేదు.

ఇప్పుడే వెళ్ళాలా, కొన్నాళ్ళు ఆగొచ్చా?

అయినవాళ్ళు పోయిన ప్రతి ఒక్కరికీ కౌన్సెలింగ్ అవసరం పడదు. ఎక్కువమంది ఇంట్లోవాళ్ళ తోడుతో, స్నేహితులతో, రోజువారీ పనులతో మెల్లగా కుదుటపడతారు. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, గేటు చప్పుడైతే ఆయనే వచ్చారేమోనని లేవడం, పోయిన మనిషి గొంతు వినపడినట్టు అనిపించడం, ఫోన్‌లో పాత వాయిస్ మెసేజ్‌లు పదేపదే వినడం, ఉన్నట్టుండి కోపం రావడం: ఇవన్నీ మామూలే. డాక్టర్ మీద, దేవుడి మీద, చివరికి పోయిన మనిషి మీద కూడా కోపం వస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ పిచ్చి కాదు.

దుఃఖానికి ఐదు దశలు ఉంటాయని మీరు ఎక్కడో చదివి ఉంటారు. 1969లో ఒక సైకియాట్రిస్ట్ ఆ దశల గురించి రాసింది తమ చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో మాట్లాడి. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు ఎక్కుతారన్న నియమం ఏదీ లేదు. ఒక రోజు ఆఫీసు పని బాగా చేసుకుని, మర్నాడు ఆయన చొక్కా కనిపించి కూలబడిపోవచ్చు. దుఃఖంలోకి వెళ్ళడం, బతుకు పనుల్లోకి రావడం, మళ్ళీ వెళ్ళడం. కుదుటపడే మనుషుల్లో కనిపించేది ఈ రాకపోకలే. కాబట్టి "నేనింకా రెండో దశలోనే ఉన్నానేమో" అని టెన్షన్ పడకండి.

కౌన్సెలింగ్ గురించి గట్టిగా ఆలోచించాల్సింది ఎప్పుడంటే, నెలలు గడుస్తున్నా ఆ రాకపోకలు ఆగిపోయి మనిషి ఒకే చోట ఇరుక్కుపోయినప్పుడు. వంట, స్నానం, డ్యూటీ, పిల్లల ఫీజు లాంటి రోజువారీ పనులేవీ చేతకానప్పుడు. "నేను ఆ రోజే వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే" అన్న ఒక్క ఆలోచన పగలూ రాత్రీ తిరుగుతూనే ఉన్నప్పుడు. మందు తాగితే తప్ప నిద్ర రానప్పుడు. ఇది మగవాళ్ళల్లో ఎక్కువగా చూస్తాం, ఎందుకంటే మగవాడు ఏడిస్తే ఊరుకోని ఇళ్ళల్లో కూడా తాగితే మాత్రం "పాపం, బాధలో ఉన్నాడు" అని ఊరుకుంటారు. బిడ్డ పోయినప్పుడు, యాక్సిడెంట్‌లో పోయినప్పుడు, ఆత్మహత్య జరిగినప్పుడు, కడసారి చూపు దక్కనప్పుడు ఇవన్నీ కనిపించేదాకా ఆగకుండా ముందే వెళ్ళడం మంచిది.

డాక్టర్లు దీర్ఘకాలిక శోకాన్ని ఇప్పుడు ఒక రుగ్మతగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ప్రకారం కనీసం ఆరు నెలలు దాటాలి. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2022లో తెచ్చిన జాబితాలో పెద్దవాళ్ళకి 12 నెలలు, పిల్లలకి ఆరు నెలలు అని ఉంది. అవి రోగనిర్ధారణ కోసం పెట్టుకున్న గడువులు. సాయం అడగడానికి అవి గడువులు కావు, రెండో నెలలోనే వెళ్ళినా మిమ్మల్ని ఎవరూ వెనక్కి పంపరు.

అసలు ఆగకూడని సందర్భాలు

"నేనూ వెళ్ళిపోతే బాగుండు" అన్న మాట దుఃఖంలో చాలామంది నోట వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకుండా నేరుగా అడగండి: "చనిపోవాలని ఆలోచన వస్తోందా? ఎలా అన్నది కూడా అనుకున్నావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగడం వల్ల ఆ మనిషికి బరువు తగ్గుతుంది. అవునంటే వాళ్ళని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన మాత్రలు ఉంటే వెంటనే అక్కడి నుంచి తీసేయండి. టెలీ మానస్ అనే ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. ప్రాణం మీదకి వచ్చేలా ఉంటే 108కో 112కో ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. పోలీసు కేసవుతుందన్న భయంతో చాలామంది నోరు విప్పరు. చనిపోవాలనిపిస్తోందని కౌన్సెలర్‌కి చెప్పుకోవడం ఏ చట్టంలోనూ నేరం కాదు. ప్రయత్నం చేసినవాళ్ళ విషయంలో కూడా, తీవ్రమైన ఒత్తిడిలో చేశారనే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

రోజుల తరబడి అన్నం నీళ్ళు ముట్టకపోయినా, చంటిబిడ్డని చూసుకోలేకపోతున్నా, పోయినవాళ్ళు "వచ్చెయ్ అని పిలుస్తున్నారు" అంటూ దాని ప్రకారం నడుచుకోబోతున్నా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి.

ఒంటి సంగతి ముందు చూడండి

ఇది చిన్న పనే కానీ అందరూ వదిలేస్తారు. కర్మల హడావుడిలో బీపీ, షుగర్ మాత్రలు మానేసినవాళ్ళు ఎంతమందో. జీవిత భాగస్వామి పోయిన తొలి రోజుల్లో గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. అందుకే మీ మామూలు డాక్టర్ దగ్గరకి ఒకసారి వెళ్ళి, ఇంట్లో మనిషి పోయారని ఆ మాటే చెప్పి, బీపీ, షుగర్ చూపించుకోండి. నిద్ర పట్టడం లేదంటే ఆ డాక్టరే సలహా ఇస్తారు. పక్కింటావిడ ఇచ్చిన నిద్రమాత్ర మాత్రం వేసుకోకండి. కౌన్సెలింగ్‌కి ఎవరి దగ్గరకి వెళ్ళాలో కూడా అక్కడే అడగొచ్చు.

మొదటి ఫోన్ ఎవరికి?

డబ్బు ఖర్చు లేకుండా, గడప దాటకుండా మొదలుపెట్టాలంటే టెలీ మానస్. నంబరు 14416. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి ముఖ్య కేంద్రం. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్ట్‌కి కలుపుతారు లేదా దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. ఆ నంబరు కలవకపోతే 1800 891 4416.

అర్ధరాత్రి రెండింటికి నిద్ర రాక కూర్చున్నప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ఒకే మనిషితో వారం వారం సాగే కౌన్సెలింగ్‌కి మాత్రం ఇది ప్రత్యామ్నాయం కాదు. దీన్ని మొదటి మెట్టుగా వాడుకోండి.

భర్త పోయిన ఆడవాళ్ళకి ఫోన్ అన్నది ఇంకా పెద్ద ఆసరా. ఇప్పటికీ ఎన్నో ఇళ్ళల్లో ఆమెని నెలల పాటు బయటికి పంపరు, ఒకరింటికి వెళ్ళనివ్వరు. ముస్లిం స్త్రీలకి భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఇంటిపట్టున ఉండే ఇద్దత్ ఉంటుంది. ఆ కాలంలో కూడా ఫోన్‌లోనో వీడియోలోనో కౌన్సెలర్‌తో మాట్లాడటానికి అడ్డేమీ లేదు. ఇంకో మాట. పదో రోజున గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపే తంతు ఇంకా చేస్తున్న ఇళ్ళున్నాయి. భర్త పోయిన బాధ ఒకటైతే నలుగురి ముందు అలా నిలబడాల్సి వచ్చిన బాధ ఇంకొకటి. ఆ రెండో బాధ ఇంట్లో చెప్పుకోవడానికి ఉండదు, చేసింది ఇంటివాళ్ళే కాబట్టి. కౌన్సెలర్‌తో దాన్ని కూడా చెప్పుకోండి. అది చిన్న విషయం అస్సలు కాదు.

ఎవరు ఏం చేస్తారు?

పేర్లు కలగాపులగంగా వాడతారు కాబట్టి ఇది తెలుసుకుని వెళ్ళండి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పై చదువు చదివిన డాక్టర్. ఇక్కడ చెప్పే ముగ్గురిలో మందులు రాయగలిగేది వీళ్ళే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. వీళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడిగి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఇక కౌన్సెలర్ అన్న బోర్డు. సైకాలజీలో ఎంఏ, ఎంఎస్సీ చేసి, మంచి శిక్షణతో ఏళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళు ఉన్నారు. వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసి బోర్డు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. చదువు ఏంటి, ఎక్కడ శిక్షణ పొందారు, చావు దుఃఖంలో ఉన్నవాళ్ళతో పనిచేశారా అని అడగడం మర్యాద తప్పడం కాదు. మంచివాళ్ళు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు.

మామూలు దుఃఖానికి కౌన్సెలర్ లేదా సైకాలజిస్ట్ చాలు. చనిపోవాలన్న ఆలోచనలు, వారాలుగా నిద్ర లేకపోవడం, తాగుడు, అంతకుముందే డిప్రెషన్ ఉండటం లాంటివి ఉంటే ముందు సైకియాట్రిస్ట్‌ని కలవండి.

ఆత్మ ఇంకా తిరుగుతోందని, దోషం పోవాలంటే ఇంత ఖర్చవుతుందని చెప్పేవాళ్ళు సరిగ్గా ఈ సమయంలోనే గుమ్మంలోకి వస్తారు. పూజ, ప్రార్థన, దువా మీకు ఊరటనిస్తే తప్పక చేసుకోండి, కౌన్సెలింగ్ దానికేమీ అడ్డు రాదు. భయపెట్టి డబ్బు అడిగేవాళ్ళని మాత్రం లోపలికి రానివ్వకండి.

ఎక్కడ దొరుకుతారు?

ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. వరంగల్ ఎంజీఎం, గుంటూరు జీజీహెచ్, కర్నూలు సర్వజన ఆసుపత్రి లాంటి చోట్ల ఓపీ చీటీ రాయించుకుని వెళ్ళొచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ అన్న పేరుని మనం తిట్టుగా, ఎగతాళిగా వాడీ వాడీ అక్కడికి వెళ్ళాల్సినవాళ్ళని భయపెట్టేశాం. అక్కడ ఓపీకి నడిచి వచ్చి, డాక్టర్‌తో మాట్లాడి సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళే రోజూ ఎక్కువమంది. జిల్లా ఆసుపత్రిలో అయితే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందం ఏయే రోజుల్లో ఉంటుందో అడగండి. ప్రభుత్వ ఓపీలో రద్దీ వల్ల డాక్టర్ మీతో మాట్లాడేది కాసేపే కావచ్చు. "మందులతో పాటు మాట్లాడటానికి సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉన్నారా?" అని ప్రత్యేకంగా అడిగి ఇంకో రోజుకి టైమ్ తీసుకోండి. అడగకపోతే చీటీ మీద మాత్రలు రాసి పంపేసే అవకాశం ఉంది.

మీవాళ్ళు క్యాన్సర్‌తో పోయి, చివర్లో నొప్పీ బాధా తగ్గించే పాలియేటివ్ కేర్ బృందమో, చివరి దశ రోగులని చూసుకునే హాస్పీసో చూసి ఉంటే ముందు వాళ్ళకే ఫోన్ చేయండి. రోగి పోయాక కుటుంబానికి తోడుండటం ఆ వైద్యంలో భాగమే. పైగా చివరి రోజుల్లో ఏం జరిగిందో వాళ్ళకి తెలుసు. "నొప్పి తెలిసిందా? ఇంకేమన్నా చేసి ఉండొచ్చా?" అని మీరు అడగగలిగేది వాళ్ళనే, నిజమైన జవాబు చెప్పగలిగేదీ వాళ్ళే. కౌన్సెలింగ్ అన్న పేరు లేకుండానే ఆ ఒక్క మాటతో ఎంతో అపరాధభావం దిగిపోవడం నేను చూశాను.

ఐటీ కంపెనీల్లో, పెద్ద ఆఫీసుల్లో ఉద్యోగులకీ ఇంట్లోవాళ్ళకీ కొన్ని కౌన్సెలింగ్ సిటింగులు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. హెచ్‌ఆర్ మెయిళ్ళలో "ఈఏపీ" (ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్) అన్న పేరుతో వెతకండి. సాధారణంగా అది బయటి సంస్థ నడిపేది, మీరేం మాట్లాడారో మేనేజర్‌కి వెళ్ళదు. కాలేజీ పిల్లలైతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ ఉందేమో చూడండి.

ప్రైవేటుగా అయితే హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్ళల్లో ఒక సిటింగ్‌కి వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా తీసుకోవడం మామూలు, అంతకన్నా ఎక్కువ తీసుకునేవాళ్ళూ ఉన్నారు. కష్టమైతే ఫీజు తగ్గిస్తారా అని అడగండి, చాలామంది తగ్గిస్తారు. మానసిక జబ్బులకీ శారీరక జబ్బులతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 చట్టంలో ఉంది. అయితే మన పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి కాబట్టి సిటింగులకి వస్తుందో లేదో ముందే కనుక్కోండి.

ఫోన్ చేసి ఏం చెప్పాలి?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. నంబరు చేతిలో ఉంటుంది, మాట పెగలదు. కాగితం మీద రాసుకుని చదివినా సరిపోతుంది:

"నమస్తే అండి. మా అమ్మగారు మూడు నెలల క్రితం పోయారు. అప్పటి నుంచి నిద్ర లేదు, పని చేయలేకపోతున్నాను. దీని గురించి మాట్లాడటానికి టైమ్ కావాలి. తెలుగులో మాట్లాడతారా? ఫీజు ఎంత? వీడియోలో కుదురుతుందా?"

ఇంతకన్నా ఏమీ చెప్పక్కర్లేదు. ఎలా పోయారన్నది రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. మీకు ఓపిక లేకపోతే తమ్ముడితోనో స్నేహితురాలితోనో చేయించండి. పక్కనున్నవాళ్ళకి నా మనవి కూడా ఇదే. "ఏదైనా అవసరమైతే చెప్పు" అనకండి, దుఃఖంలో ఉన్న మనిషికి ఏం అడగాలో తోచదు. "గురువారం నాలుగింటికి టైమ్ తీసుకున్నాను, నేనే బండి మీద తీసుకెళ్తాను, బయట కూర్చుంటాను" అనండి.

తెలుగులో మాట్లాడతారా అన్న ప్రశ్న తప్పక అడగండి. మన దుఃఖం మన ఇంటి భాషలోనే బయటికి వస్తుంది. ఇంగ్లిష్‌లో చక్కగా మీటింగులు నడిపేవాళ్ళు కూడా నాన్న గురించి చెప్పేటప్పుడు ఆగిపోతారు. మైల, తద్దినం, కొరివి పెట్టడం లాంటి మాటలకి అర్థం చెబుతూ కూర్చోవాల్సి వస్తే ఏడుపు మధ్యలోనే ఆవిరైపోతుంది.

మొదటి సిటింగ్

నలభై ఐదు నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది. పోయినవాళ్ళు ఎవరు, ఎలా పోయారు, ఇంట్లో ఎవరెవరున్నారు, తిండీ నిద్రా ఎలా ఉన్నాయి, ఇంతకుముందు ఏమైనా మానసిక ఇబ్బంది ఉందా అని అడుగుతారు. చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా అడుగుతారు, అది అందరినీ అడిగే ప్రశ్నే. మీరు గంటంతా ఏడ్చినా పరవాలేదు. అసలేమీ మాట్లాడకపోయినా పరవాలేదు. కావాలంటే ఒక ఫోటో తీసుకెళ్ళండి, మాట మొదలవడానికి అది తోడ్పడుతుంది.

మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు లాంటి కొన్ని సందర్భాలే దానికి మినహాయింపు. "ఏయే విషయాలు బయటికి చెబుతారు?" అని మొదట్లోనే అడిగి తెలుసుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. మీతో వచ్చిన అత్తయ్యనో అన్నయ్యనో గది బయట ఉండమనడానికి మొహమాటపడకండి. మొహమాటంగా ఉంటే కౌన్సెలర్‌తోనే చెప్పించండి.

ఇంట్లో ఎవరికీ చెప్పలేని సంగతుల కోసమే ఆ గది ఉంది. ఆయన బాగా చూసుకునేవాడు కాదని, పోయాక ఊపిరి పీల్చుకున్నానని చెప్పాలంటే చెప్పండి. మంచంలో ఉన్న అత్తగారికి ఏళ్ళ తరబడి సేవ చేసి, ఆవిడ పోయిన రోజు మొదట హాయిగా అనిపించిందని, అది తలుచుకుంటే సిగ్గేస్తోందని చెప్పాలంటే చెప్పండి. ఆస్తి పంపకాల్లో జరిగింది చెప్పండి. కౌన్సెలర్లు ఇవి రోజూ వింటారు, మిమ్మల్ని చెడ్డవాళ్ళనుకోరు.

మొదటి రెండు సిటింగుల తర్వాత బాధ ఎక్కువైనట్టు అనిపించవచ్చు. నెలలుగా అదిమిపెట్టింది కదులుతోంది కాబట్టి అది సహజమే. ఆ రోజు వెంటనే ఆఫీసుకి పరుగెత్తకుండా ఒకట్రెండు గంటలు ఖాళీ ఉంచుకోండి. ఎన్ని సిటింగులు అవసరమన్నది మనిషిని బట్టి ఉంటుంది. నాలుగైదు అయ్యాక "మనం ఎక్కడిదాకా వచ్చాం?" అని మీరే అడగండి.

మనిషి నచ్చకపోతే మార్చండి

మా నాన్న పోయాక నేను మొదట వెళ్ళిన చోట నా మాట పూర్తి కాకముందే ధ్యానం క్లాసుల ప్యాకేజీ గురించి చెప్పడం మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. తర్వాత దొరికిన ఆవిడ మొదటి రోజు ఎక్కువ ఏమీ మాట్లాడలేదు. "నాన్నగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అని అడిగారు. నాకు కావలసింది ఆ ప్రశ్న అని అడిగేదాకా నాకు తెలియదు.

మీ మాట కన్నా తమ మాటే ఎక్కువ చెప్పేవాళ్ళు, "మీ కర్మ" అనో "పాజిటివ్‌గా ఆలోచించండి" అనో తేల్చేసేవాళ్ళు, ఇన్ని రోజుల్లో మామూలు మనిషిని చేస్తామని గ్యారంటీ ఇచ్చేవాళ్ళు, మీరు అడగకుండానే ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి విషయాలు చెప్పేవాళ్ళు అయితే ఇంకొకరిని చూసుకోండి. ఒక చోట కుదరలేదని కౌన్సెలింగ్ అంతా వృథా అనుకోవద్దు.

అమ్మ రానంటే, నాన్న మాట్లాడనంటే

"నాకేమన్నా పిచ్చా?" అన్న జవాబే మొదట వస్తుంది. వాదించకండి. వాళ్ళు ఒప్పుకునే బాధ నుంచి మొదలుపెట్టండి. "నిద్ర లేక నీరసపడిపోతున్నావు, దాని కోసం ఒకసారి మాట్లాడదాం, నేనూ పక్కనే ఉంటాను" అనండి. గుడికని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళడం లాంటివి చేయకండి, ఒకసారి నమ్మకం పోతే మళ్ళీ రారు. ముందు మీరు వెళ్ళి వచ్చి, "నాకు కాస్త తేలిగ్గా అనిపించింది" అని చెబితే అది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. నాన్నలకి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం కన్నా నడకలో మాట్లాడటం సులువు. తోటి పెన్షనర్లలో భార్య పోయిన ఇంకో పెద్దాయన ఉంటే ఆయనతో ఒక సాయంత్రం టీ తాగించినా సరే, అది మొదలవుతుంది.

పిల్లలున్న ఇల్లు

పిల్లలకి "ఊరెళ్ళారు", "నిద్రపోతున్నారు" అని చెప్పకండి. నిద్రపోతున్నారంటే పడుకోవడానికి భయపడతారు, ఊరెళ్ళారంటే రోజూ గుమ్మం వైపు చూస్తారు. "తాతయ్య చనిపోయారు. ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది. ఇక రారు. నీ వల్ల జరగలేదు" అని చిన్న మాటల్లో నిజం చెప్పండి. మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న అడుగుతారు, మళ్ళీ మళ్ళీ అదే జవాబు చెప్పండి. కాసేపు ఏడ్చి వెంటనే ఆడుకోవడానికి పరుగెత్తితే బాధ లేదని అర్థం కాదు. క్లాస్ టీచర్‌కి ఇంట్లో జరిగింది తప్పక చెప్పండి. పక్క తడపడం, బడికి వెళ్ళనని మొండికేయడం, నోరు మెదపకపోవడం వారాల తరబడి సాగితే పిల్లలతో పనిచేసే సైకాలజిస్ట్‌ని కలవండి.

ఆత్మహత్యతో పోయినప్పుడు

ఈ ఇళ్ళకి పలకరింపులు కూడా సరిగ్గా రావు, వచ్చినా ఆరాలే ఎక్కువ. పంచనామా, పోస్టుమార్టం, పోలీసుల ప్రశ్నలు, ఊళ్ళో గుసగుసలు, కొన్నిచోట్ల అప్పులవాళ్ళు. దుఃఖానికి తీరికే ఉండదు. "ఎందుకు చేశాడు? నాకు ఒక్క మాట చెబితే ఏం పోయేది?" అన్న ప్రశ్నకి పూర్తి జవాబు దొరక్కపోవచ్చు. ఆ జవాబు లేకుండా బతకడం ఒంటరిగా నేర్చుకోవడం చాలా కష్టం, అందుకే ఈ కుటుంబాలు మొదటి వారాల్లోనే కౌన్సెలర్‌ని కలవాలని గట్టిగా చెబుతాను. ఆ ఇంట్లో అన్నదమ్ములని, అక్కచెల్లెళ్ళని, స్నేహితులని కూడా గమనించండి, వాళ్ళకీ ముప్పు ఉంటుంది. బంధువులకి ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. "దాని గురించి ఇప్పుడు మాట్లాడలేను" అన్న ఒక్క వాక్యం చాలు.

విదేశాల్లో ఉన్నవాళ్ళు

వీసా స్టాంపింగ్ భయంతోనో టికెట్ దొరక్కో రాలేక, అమ్మ అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసినవాళ్ళు మన కుటుంబాల్లో ఎంతోమంది. సోమవారం మళ్ళీ ఆఫీసు. చుట్టూ ఆమెని ఎరిగినవాళ్ళు ఒక్కరూ ఉండరు. అమెరికాలో ఉంటే ఆఫీసు వాళ్ళ కౌన్సెలింగ్ సదుపాయంతో మొదలుపెట్టండి. థెరపిస్టులకి లైసెన్సు రాష్ట్రాల వారీగా ఇస్తారు కాబట్టి మీరుండే రాష్ట్రంలో లైసెన్సు ఉన్న తెలుగువాళ్ళెవరైనా ఉన్నారేమో వెతకండి. అక్కడే హాస్పీస్ సంరక్షణలో ఎవరైనా పోయి ఉంటే, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ నిబంధనల ప్రకారం ఆ తర్వాత ఏడాది దాకా కుటుంబానికి తోడ్పాటు ఇవ్వాలి, అడగండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే, అత్యవసరమైతే అక్కడి హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. బ్రిటన్‌లో క్రూస్ బిరీవ్‌మెంట్ సపోర్ట్ ప్రత్యేకంగా ఈ దుఃఖం కోసమే పనిచేసే సంస్థ. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ నడిపే టాకింగ్ థెరపీస్‌కి జీపీ (ఫ్యామిలీ డాక్టర్) చీటీ లేకుండా మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెలుగులోనే మాట్లాడాలనుకుంటే ఇక్కడి కౌన్సెలర్లలో వీడియోలో చూసేవాళ్ళు ఉన్నారు, మీ టైముకి కుదురుతుందో లేదో అడిగి చూడండి.

మానేశాక మళ్ళీ అవసరం పడితే

కొన్ని నెలలకి తేలికపడి సిటింగులు ఆపేస్తారు, అది మంచిదే. అయినా కొన్ని తేదీలు మళ్ళీ గుచ్చుతాయి. పండగ చేసుకోని ఆ ఏడాది సంక్రాంతి, ఆయన పుట్టినరోజు, పెళ్ళిరోజు, సంవత్సరీకం. కొందరికి ఏడాది తిరిగాక ఆ మర్నాడు ఇంకా కష్టంగా ఉంటుంది, ఇక చేయాల్సిన మాసికాలు కూడా ఉండవు కాబట్టి. ఆ తేదీలని ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, దానికి వారం ముందు ఒకటి, వారం తర్వాత ఒకటి టైమ్ తీసుకోండి. పాత కౌన్సెలర్‌కి "మళ్ళీ ఒకసారి మాట్లాడాలి" అని మెసేజ్ పెడితే చాలు, మొదటి నుంచి చెప్పుకు రావాల్సిన పని ఉండదు.